విక్రాంత్ డెక్ మీద రఫేల్-ఎం: పైలట్లు అసలు దేని గురించి వాదించుకుంటున్నారు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మన నౌకాదళం ఫ్రాన్స్ నుంచి కొన్న యుద్ధ విమానం రఫేల్-ఎం రెక్కలు ముడుచుకోవు, దాని రెండు సీట్ల రకం ఓడ మీద దిగలేదు, పైగా అది కాటపుల్ట్ (విమానాన్ని డెక్ మీద నుంచి ముందుకు విసిరే యంత్రం) ఉన్న ఫ్రెంచి నౌక కోసం తయారైన విమానం, మరి అమెరికా సూపర్ హార్నెట్‌ను కాదని మన నౌకాదళం దీన్నే ఎందుకు ఎంచుకుంది, అది సరైన నిర్ణయమే అయితే నౌకాదళంలో విమానాలు నడిపినవారే దాని మంచిచెడ్డల మీద ఎందుకు ఏకాభిప్రాయానికి రాలేకపోతున్నారు? చివర్లో, స్వదేశీ విమానం వస్తే ఈ కొనుగోలు వృథా కాదా అని కూడా అడిగారు.

నేను పైలట్‌ను కాను. నౌకాదళ విమాన విభాగంలో సాంకేతిక అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పైలట్ల వాదనలను క్రూ రూముల్లోను, హ్యాంగర్లలోను పక్కన నిలబడి విన్నాను. వారు దిగిన తర్వాత వారి విమానాల టైర్లు, హుక్కులు, ఇంజిన్లు చూసుకోవడం మా పని. కాబట్టి నా అభిప్రాయంలో మెయింటెనెన్స్ మనిషి పక్షపాతం కొంత ఉంటుంది, అది గుర్తు పెట్టుకుని చదవండి. నా దృష్టిలో ఎంపిక సరైనదే, కొన్న సంఖ్య మాత్రం చాలదు. ఇక పైలట్ల మధ్య జరిగే వాదనలో సగానికి పైగా విమానం గురించి కాదు, ఆ విమానం ఎక్కే ఓడ గురించి.

ముందుగా ఓడ సంగతి చెప్పాలి. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 262 మీటర్లు, బరువు 43,000 టన్నుల పైచిలుకు. రఫేల్-ఎం ఇన్నేళ్లుగా పనిచేస్తున్న ఫ్రెంచి నౌక షార్ల్ ద గోల్ కూడా దాదాపు అంతే బరువున్నది. కానీ ఆ నౌకకు 75 మీటర్ల ఆవిరి కాటపుల్ట్‌లు ఉన్నాయి. అవి విమానాన్ని రెండు మూడు సెకన్లలోనే ఎగిరే వేగానికి తెచ్చి వదులుతాయి. విక్రాంత్‌కు, 2013 నవంబరులో మన చేతికి వచ్చిన విక్రమాదిత్యకు అలాంటి యంత్రం లేదు. ముందు భాగం 14 డిగ్రీల వాలుతో పైకి వంగి ఉంటుంది, దీన్నే స్కీ జంప్ అంటారు. విమానం తన ఇంజిన్ల బలంతోనే పరుగెత్తి ఆ వంపు మీదుగా గాలిలోకి లేవాలి. దిగేటప్పుడు మాత్రం రెండు దేశాల ఓడల మీదా పద్ధతి ఒక్కటే: తోక హుక్కు డెక్ మీది తీగను పట్టుకోవాలి.

స్కీ జంప్ మీద నుంచి లేవడాన్ని దగ్గరగా చూస్తే ఈ వాదనంతా అక్కడే మొదలవుతుందని తెలుస్తుంది. పసుపు జెర్సీ వేసుకున్న డెక్ సిబ్బంది చేతి సంజ్ఞలతో విమానాన్ని గీత మీదికి తెస్తారు. డెక్ నుంచి పైకి లేచే అడ్డు చక్రాలను పట్టుకుని ఆపుతుంది. వెనుక, ఇంజిన్ల మంటను పైకి మళ్లించే పలక లేస్తుంది. పైలట్ థ్రాటిల్ చివరిదాకా నెట్టి, అదనపు ఇంధనం మండించి బలం పెంచే ఆఫ్టర్‌బర్నర్ వెలిగించాక విమానం ముక్కు కిందికి వంగి, మొత్తం ఒళ్లు వణుకుతూ అడ్డును తోస్తూ ఉంటుంది. అడ్డు తొలగిన తర్వాత మిగిలేది కొద్ది సెకన్ల పరుగు. వంపు అంచు దాటే క్షణానికి ఆ విమానానికి నిలకడగా ఎగరడానికి కావలసిన వేగం ఇంకా రాదు. పైకి విసిరిన రాయి లాగా కొంత దూరం వెళ్తుంది, ఆ వెళ్లే లోపలే ఇంజిన్లు మిగతా వేగాన్ని అందించాలి. అందుకే స్కీ జంప్ మీద ఒక విమానం విలువను నిర్ణయించేవి రెండే రెండు: బరువుకు తగ్గ ఇంజిన్ బలం, తక్కువ వేగంలో రెక్క మోయగల భారం. కరపత్రంలో రాసే గరిష్ఠ టేకాఫ్ బరువుతో ఇక్కడ పెద్దగా పని లేదు.

సూపర్ హార్నెట్‌ను సమర్థించేవారి మొదటి వాదన ఇక్కడే వస్తుంది. దాని రెండు ఇంజిన్ల మొత్తం బలం సుమారు 20 టన్నులు, రఫేల్‌ది సుమారు 15 టన్నులు. గరిష్ఠ బరువులు వరుసగా 29.9 టన్నులు, 24.5 టన్నులు. నిండు బరువుతో చూస్తే బలానికి, బరువుకు మధ్య నిష్పత్తి హార్నెట్‌కే కొంచెం మెరుగు. ఇది నిజమే. అయితే లెక్కను ఇంకొక మెట్టు ముందుకు తీసుకెళ్లాలి. రఫేల్-ఎం 20 టన్నుల బరువుతో లేస్తున్నదనుకుందాం. అదే నిష్పత్తి రావాలంటే హార్నెట్ సుమారు 26 టన్నుల వద్ద ఆగాలి. రఫేల్ ఖాళీ బరువు పదిన్నర టన్నులు, హార్నెట్‌ది పద్నాలుగున్నర టన్నులు. అంటే ఇంధనానికీ ఆయుధాలకూ మిగిలేది ఒకదానికి తొమ్మిదిన్నర, మరొకదానికి పదకొండున్నర టన్నులు. లోపలి ట్యాంకులు నింపితే రఫేల్ 4.7 టన్నులు తాగుతుంది, హార్నెట్ దాదాపు 6.7 టన్నులు తాగుతుంది. చివరికి రెక్కల కింద వేలాడదీయడానికి రెండింటికీ మిగిలేది ఐదు టన్నులకు అటూ ఇటుగా, దాదాపు సమానం. పైగా రెండింటి రెక్కల వైశాల్యం 46 చదరపు మీటర్ల దగ్గరే ఉంది కాబట్టి, ఆరు టన్నులు తేలికగా ఉన్న రఫేల్‌కు వంపు దాటిన తర్వాత తేలడం సులువవుతుంది. ఇది కాగితం మీద వేసిన ముతక లెక్క మాత్రమే, పరీక్షల ఫలితం కాదు. కానీ ‘హార్నెట్ రెట్టింపు మోస్తుంది’ అనేవారికి సమాధానంగా ఈ లెక్క చాలు.

ఈ రెండు విమానాలూ 2022లో గోవాలోని ఐఎన్ఎస్ హంస స్థావరంలో ఉన్న తీర పరీక్షా కేంద్రం మీద స్కీ జంప్ పరీక్షలు చేసి చూపించాయి. జనవరిలో రఫేల్, తర్వాత వేసవిలో హార్నెట్. ‘కాటపుల్ట్ విమానం స్కీ జంప్ మీద పనికిరాదు’ అన్న మీ సందేహానికి సమాధానం అక్కడే దొరికింది. కాటపుల్ట్ లాగుడును, డెక్ మీద పడే దెబ్బను తట్టుకునేలా కట్టిన చక్రాల కాళ్లకు స్కీ జంప్ వంపు మీద పడే ఒత్తిడి పెద్ద భారం కాదు. నేల మీది రఫేల్‌తో పోలిస్తే నౌకా రకం సుమారు 500 కిలోలు ఎక్కువ బరువు ఉండడానికి కారణం ఆ కాళ్లు, హుక్కు, వాటిని పట్టుకునే నడుము భాగం.

తీరం మీది పరీక్షకు, సముద్రం మీది ఉదయానికి తేడా ఉంటుంది గనుక ఇంకొక మాట. మన సముద్రాల్లో ఏప్రిల్, మే నెలల వేడిగాలి పలచగా ఉంటుంది. ఇంజిన్ బలం తగ్గుతుంది, రెక్క మోసే భారమూ తగ్గుతుంది. అందుకే నౌక గాలికి ఎదురు తిరిగి వేగంగా వెళ్తుంది. డెక్ మీదుగా వచ్చే ప్రతి నాట్ గాలీ పైలట్‌కు ఉచితంగా దొరికిన వేగం. గాలి లేని రోజున ఆయుధాలో ఇంధనమో కొంత తగ్గించక తప్పదు. తక్కువ ఇంధనంతో లేచి, పైన సాటి విమానం నుంచి ఇంధనం నింపించుకోవడం దీనికి విరుగుడు. రఫేల్, హార్నెట్, ఇప్పుడు మన నౌకల మీదున్న మిగ్-29కె మూడూ అలా ఇంధనం పోసే పాడ్ మోయగలవు. కాని ఇంధనం పోసే విమానం కూడా అదే డెక్ మీద నుంచి లేవాలి, అంటే పోరాటానికి ఒకటి తగ్గినట్టే. 26 విమానాలు కొన్న నౌకాదళానికి ఇది చిన్న విషయం కాదు.

ఎక్కడమే ఇంత కష్టమైతే దిగడం ఎలా అని బయటివారు తక్కువగా అడుగుతారు. పైలట్లు మాత్రం ఎక్కువగా మాట్లాడేది దిగడం గురించే. రన్‌వే మీద విమానాన్ని మెల్లగా పరిచినట్టు దించుతారు. ఓడ మీద అలా చేస్తే తీగలన్నీ దాటిపోతుంది. ఏటవాలు మార్గాన్ని చివరిదాకా మార్చకుండా నేరుగా డెక్‌కు కొట్టాలి. నేల మీది యుద్ధ విమానం తట్టుకునే దిగుడు వేగానికి రెట్టింపు దాకా నౌకా విమానం తట్టుకునేలా కట్టడానికి కారణం ఇదే. చక్రాలు తాకిన క్షణంలోనే పైలట్ ఇంజిన్లను పూర్తి బలానికి తీసుకెళ్తాడు. ఎందుకంటే హుక్కు తీగను పట్టకపోతే మిగిలిన డెక్ చివరలోపే మళ్లీ ఎగరాలి. దీన్ని బోల్టర్ అంటారు. పగలు ఒక బోల్టర్ జరిగితే తోటి పైలట్లు నవ్వుకుంటారు. రాత్రి, తక్కువ ఇంధనంతో, రెండో బోల్టర్ తర్వాత ఎవరూ నవ్వరు.

దీనికి సంబంధించి 2016లో సిరియా తీరంలో రష్యా నౌక కుజ్నెత్సోవ్‌కు జరిగినది నౌకాదళాలన్నీ చదువుకోవలసిన పాఠం. తీగల వ్యవస్థ చెడిపోయి డెక్ మూసుకుపోగా, దిగడానికి గాలిలో ఎదురుచూస్తున్న మిగ్-29 ఇంధనం అయిపోయి సముద్రంలో కూలిందని అప్పటి వార్తలు. మరి కొన్ని వారాలకే తీగ తెగి ఒక సుఖోయ్-33 కూడా నీళ్లలో పడింది. రెండు చోట్లా పైలట్లు బతికారు. విమానాల పోలికల పట్టికలో ‘డెక్ ఖాళీ అయ్యేదాకా ఎంతసేపు గాలిలో ఆగగలదు’ అనే గడి ఉండదు గాని, ఓడ మీద పనిచేసిన ఏ పైలట్‌నైనా అడగండి, రాడార్ పరిధికంటే ముందు దాన్నే అడుగుతాడు.

దీనితో ముడిపడినదే వెనక్కి తెచ్చే బరువు. యుద్ధం లేని రోజుల్లో, యుద్ధంలో కూడా చాలా రోజుల్లో, విమానం తీసుకెళ్లిన క్షిపణులను వాడకుండానే తిరిగి వస్తుంది. దిగే బరువు పరిమితి దాటితే వాటిని సముద్రంలో పారేయాలి. కోట్ల రూపాయల మీటియార్, ఎక్సోసెట్ క్షిపణులను అలా పారేయడానికి ఎవరికీ చేతులు రావు. డెల్టా రెక్క, ముందు చిన్న రెక్కలు ఉండడం వల్ల రఫేల్ దిగే వేగం తక్కువ. బరువు తీసుకుని వెనక్కి రావడంలో దానికి మంచి పేరుంది. ఫ్రెంచి పైలట్లు అమెరికా నౌకల మీద కూడా దాన్ని దించి, ఎక్కించి చూపించారు. హార్నెట్ కూడా ఈ విషయంలో ఏమాత్రం తీసిపోదు. అమెరికా నౌకాదళం దశాబ్దాల తరబడి దాన్ని డెక్ మీద బాది బాది నేర్చుకున్నదంతా ఆ డిజైన్‌లో ఉంది. ఈ అంశంలో ఒక విమానం గొప్పదనీ మరొకటి కాదనీ తేల్చేవారిని నేను నమ్మను.

ఇప్పుడు రెక్కల సంగతి. మీ ప్రశ్నలో బలమైన అంశం ఇదే. రఫేల్ రెక్కల వెడల్పు చివరి క్షిపణులతో కలిపి 10.9 మీటర్లు, అవి ముడుచుకోవు. మిగ్-29కె రెక్కలు విప్పితే 12 మీటర్లు గాని, ముడిస్తే 8 మీటర్ల లోపే. విక్రాంత్ లిఫ్టులను మిగ్‌ను, తేజస్ నౌకా రకాన్ని మనసులో పెట్టుకుని రూపొందించారు. రెక్కల చివర ఉన్న క్షిపణి పట్టాలను విప్పితే రఫేల్ వెడల్పు కొంత తగ్గుతుంది, కాని ప్రతిసారీ విప్పడం, మళ్లీ బిగించి సరిచూడడం హ్యాంగర్ సిబ్బంది సమయాన్ని తింటుంది. హార్నెట్ రెక్కలు ముడుచుకుంటాయి, అయితే దాని పొడవు 18 మీటర్లు దాటుతుంది. ఆ లిఫ్టుకు అదీ సుఖమైన కొలత కాదు. ఒక మాట ఒప్పుకోవాలి: డెక్ మీద, హ్యాంగర్‌లో పక్కపక్కన పెట్టగల విమానాల సంఖ్య విషయంలో రఫేల్ వెనుకబడే ఉంటుంది. హెలికాప్టర్లతో కలిపి 30 విమానాల దాకా మోయగల ఓడలో, నాలుగు రఫేళ్లు ఎక్కువ పట్టేలా పెట్టగలమా లేదా అన్నది దాని పోరాట శక్తికి సంబంధించిన ప్రశ్న. ఫ్రెంచివారు ముడవని రెక్కలతోనే తమ నౌకను నడుపుతున్నారు కాబట్టి మనమూ నడపగలం. తక్కువ విమానాలతో, ఎక్కువ ప్రణాళికతో.

మరి ఇన్ని లోపాలుండగా దాన్ని ఎందుకు కోరుకున్నారు? మిగ్-29కె అనుభవం తెలియకపోతే ఆ తొందర అర్థం కాదు. మొత్తం 45 మిగ్‌లు కొన్నాం. 2010లో ప్రవేశపెట్టిన ఈ విమానాల గురించి 2016లో కాగ్ ఇచ్చిన నివేదిక చదివితే చాలు: ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాల శాతం 15.93 నుంచి 37.63 మధ్యే ఉంది. డిజైన్ సంబంధిత లోపాల వల్ల 40 ఇంజిన్లను సేవ నుంచి తీసేయాల్సి వచ్చింది. డెక్ మీద దిగిన దెబ్బకు విమానంలో లోపాలు వస్తున్నాయని, దిద్దుబాట్లు చేసినా అవి ఆగలేదని కూడా అందులో రాశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో పరిస్థితి కొంత మెరుగైంది గాని, ప్రమాదాలు కూడా జరిగాయి. 2020 నవంబరులో జరిగిన ప్రమాదంలో ఒక పైలట్‌ను కోల్పోయాం.

అయినా మిగ్ నడిపినవారిలో దాన్ని ప్రేమించేవారు చాలామంది ఉన్నారు. క్రూ రూములో ఒకసారి ఒక సీనియర్ పైలట్ మిగ్ ఇంజిన్ల బలాన్ని పొగుడుతూ, “వంపు దాటాక అది ఇచ్చే తోపు ఇంకేదీ ఇవ్వదు” అన్నాడు. పక్కనే ఉన్న కాకినాడ కుర్రవాడు, కొత్తగా చేరిన లెఫ్టినెంట్, వినయంగానే, “నిజమే సార్, కాని ఆ తోపు ఇచ్చేది ఈ వారం హ్యాంగర్‌లోనే ఉంది కదా” అన్నాడు. సీనియర్ నవ్వేశాడు. మా సాంకేతిక సిబ్బంది నవ్వలేదు; ఆ ఇంజిన్ కోసం విదేశం నుంచి రావలసిన విడిభాగానికి ఎదురుచూస్తున్నది మేమే. సీ హారియర్ కాలం నుంచి ఉన్నవారి చూపు మళ్లీ వేరు. ముందు గాలిలో ఆగి, తర్వాత డెక్ మీద దిగే హారియర్‌కు అలవాటుపడినవారికి తీగల మీద దిగడమే అనవసరమైన సాహసంగా తోచేది. ఎవరు ఏ విమానం మీద తమ మొదటి రాత్రి దిగారో, దాన్ని బట్టి వారి వాదన మొగ్గుతుంది. టీవీ చర్చలో విశ్రాంత అధికారి ఏం చెబుతున్నాడో వినేముందు, ఆయన ఏ విమానం నడిపాడో కనుక్కోండి.

రెండు సీట్ల అంశంలో మాత్రం విమర్శకులతో నేను ఏకీభవిస్తాను. 2025 ఏప్రిల్ 28న దాదాపు 63,000 కోట్ల రూపాయలకు కుదిరిన ఒప్పందంలో 22 ఒక సీటు విమానాలు, 4 రెండు సీట్ల విమానాలు ఉన్నాయి. ఆ నాలుగూ నేల మీది శిక్షణకే. అంటే కొత్త పైలట్ తన మొదటి డెక్ ల్యాండింగ్‌ను వెనుక సీటులో శిక్షకుడు లేకుండానే చేయాలి. మిగ్ రెండు సీట్ల రకం డెక్ మీద దిగగలదు. హార్నెట్ రెండు సీట్ల రకం దిగడమే కాదు, పూర్తి స్థాయి పోరాట విమానం కూడా. ఫ్రెంచి నౌకాదళం కూడా ఒక సీటుతోనే నెట్టుకొస్తోంది, కాని వారి కుర్రవాళ్లు అంతకుముందే అమెరికాలో గోషాక్ శిక్షణ విమానం మీద డెక్ ల్యాండింగులు చేసి వస్తారు. మన దగ్గర నేవీ డే రోజున విశాఖ ఆర్కే బీచ్ మీదుగా వెళ్లే హాక్ విమానాలు మంచి శిక్షణ విమానాలే గాని, వాటికి హుక్కు లేదు. సిమ్యులేటర్లు, గోవా తీర కేంద్రం ఈ లోటును కొంత తీరుస్తాయి, పూర్తిగా తీర్చవు. ఒంటరిగా ఎగిరే పైలట్‌కు రఫేల్ సెన్సర్ల సమాచారాన్ని ఒకే చిత్రంగా కలిపి చూపిస్తుంది, అందువల్ల యుద్ధంలో రెండో మనిషి అవసరం తగ్గుతుందన్న మాట ఒప్పుకుంటాను. శిక్షణ విషయంలో మాత్రం దాన్ని ఒప్పుకోను.

పైలట్లు తక్కువగా మాట్లాడే, కాని మాట్లాడవలసిన విషయం ఒకటుంది: ఓడకు ఉన్న కళ్లు. మీటియార్ క్షిపణి 100 కిలోమీటర్లకు మించి వెళ్లగలదు, రఫేల్ రాడార్ కూడా చాలా మంచిది. అయితే ఫ్రెంచి నౌక మీద రఫేల్‌కు తోడుగా హాకై రాడార్ విమానం ఎగురుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో శత్రువు ఎక్కడున్నాడో చెప్పేది అదే. హాకై స్కీ జంప్ మీద నుంచి లేవలేదు, కాటపుల్ట్ కావాలి. మనకున్నది కమోవ్-31 హెలికాప్టర్. అది హెలికాప్టర్ ఎగిరే ఎత్తులోనే ఉండి చూడాలి, ఎక్కువసేపు ఉండలేదు. కాబట్టి రఫేల్ పైలట్ తన రాడార్‌నే ఎక్కువగా వెలిగించుకోవాలి, అంటే తన ఉనికిని తనే చాటుకోవాలి. హార్నెట్ కొన్నా ఇదే సమస్య ఉండేది. ఈ లోటు ఏ యుద్ధ విమానమూ తీర్చలేదు. చైనా కూడా తన మొదటి రెండు స్కీ జంప్ నౌకల మీద బరువైన జె-15 యుద్ధ విమానాలతో ఇవే తిప్పలు పడి, 2025 నవంబరులో చేరిన మూడో నౌక ఫూజియాన్‌కు విద్యుదయస్కాంత కాటపుల్ట్‌లు పెట్టుకుంది.

ఇక నా పక్షపాతం దగ్గరికి వస్తాను. నాకు సంబంధించినంతవరకు రఫేల్‌కు అనుకూలంగా తూకం మొగ్గేది ఆకాశంలో కాదు, హ్యాంగర్‌లో. వైమానిక దళం ఇప్పటికే 36 రఫేళ్లు కొని అంబాలా, హాసిమారా స్థావరాల నుంచి నడుపుతోంది. ఇంజిన్ ఒకటే, రాడార్ ఒకటే, విడిభాగాల్లో ఎక్కువ భాగం ఒకటే. ఓడ సముద్రంలో ఉండగా ఒక ఇంజిన్ మాడ్యూల్ అవసరమైతే దేశంలోనే ఎక్కడో ఒక షెల్ఫ్ మీద అది ఉండే అవకాశం ఉంది. హార్నెట్ కొని ఉంటే మనం ఒంటరిగా 26 విమానాలకు మొత్తం సరఫరా గొలుసును కొత్తగా కట్టుకోవలసి వచ్చేది. పైగా దాని ఉత్పత్తిని ఆపే ఆలోచనలో ఉన్నట్టు బోయింగ్ 2023 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. ముప్పై ఏళ్లు నడపవలసిన విమానానికి ఇది మామూలు అడ్డంకి కాదు.

తెలుగువారికి దీనిలో నేరుగా సంబంధించిన భాగం కూడా ఉంది. రఫేల్ ఫ్యూజ్‌లాజ్ భాగాలను హైదరాబాద్‌లో తయారుచేయడానికి రఫేల్ తయారీ సంస్థ దసో, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. రఫేల్ ఇంజిన్ ఎం-88కు మరమ్మతు కేంద్రాన్ని ఆ ఇంజిన్ తయారుచేసే సాఫ్రాన్ సంస్థ హైదరాబాద్‌లోనే నెలకొల్పుతోంది. దానికి 2025 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఇంజిన్‌ను విప్పి సరిచేయడానికి విదేశం పంపకుండా శంషాబాద్ పంపడం అంటే మా మెయింటెనెన్స్ వాళ్లకు ఏమిటో చెప్పాలంటే, అది నెలల తేడా. పైలట్ దృష్టిలో ఆ తేడా సంవత్సరానికి తాను ఎగిరే గంటల్లో కనిపిస్తుంది. డెక్ మీద దిగే నైపుణ్యం అలవాటు తప్పితే త్వరగా తుప్పుపడుతుంది. విమానం హ్యాంగర్‌లో ఉన్నన్నాళ్లు పైలట్ కూడా చేయి తిరగడం మర్చిపోతాడు.

సంఖ్య విషయానికి వస్తే, 2017లో నౌకాదళం సమాచారం కోరింది 57 విమానాల కోసం. చివరికి 26కు వచ్చింది. వాటిలో డెక్ మీద పనికొచ్చేవి 22. మూడోవంతు ఎప్పుడూ మరమ్మతులోను, కొన్ని శిక్షణలోను ఉంటాయనుకుంటే ఓడ మీద ఒకేసారి పన్నెండు పద్నాలుగు ఉంటే గొప్ప. విక్రమాదిత్యకు, విక్రాంత్‌కు ఇంకొన్నేళ్లు మిగ్‌లే వెన్నెముకగా ఉండాలి. రెండు రకాల విమానాలు ఒకే డెక్ మీద ఉండడం అంటే రెండు రకాల పనిముట్లు, రెండు రకాల సిబ్బంది, రెండు రకాల విడిభాగాలు. ఈ కష్టం గురించి వాదించే పైలట్‌ను నేను ఇంతవరకు చూడలేదు; అది వారి తలనొప్పి కాదు గదా.

చివరిగా స్వదేశీ విమానం గురించి. తేజస్ నౌకా రకం 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద, 2023 ఫిబ్రవరిలో విక్రాంత్ మీద దిగింది. ఒక ఇంజిన్‌తో ఆ బరువుకు చాలినంత బలం లేదని నౌకాదళం 2016లోనే చెప్పింది, ఆ మాట న్యాయమైనదే. కాని హుక్కు ఎక్కడ పెట్టాలి, కాళ్లు ఎంత బలంగా ఉండాలి, వంపు మీద కంప్యూటర్ విమానాన్ని ఎలా పట్టుకోవాలి అన్నవన్నీ మన ఇంజనీర్లు నేర్చుకున్నది దాని మీదే. ఆ అనుభవంతో రూపొందుతున్నదే రెండు ఇంజిన్ల డెక్ యుద్ధ విమానం. దానికి రెక్కలు ముడుచుకుంటాయి, లిఫ్టులకు సరిపోతుంది, స్కీ జంప్ కోసమే రూపొందుతోంది. అంటే రఫేల్ విషయంలో మీరు అడిగిన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి కాగితం మీద తీరిపోతాయి. కాగితం నుంచి డెక్ మీదికి రావడానికి మాత్రం, తేజస్ చరిత్ర చూసినవాడిగా చెబుతున్నాను, 2030ల మధ్యకు ముందు ఆశ పెట్టుకోకండి. రఫేళ్ల సరఫరా 2030 నాటికి పూర్తి కావాలి. ఈలోగా మిగ్‌లు ముసలివవుతాయి, ఓడలు మాత్రం సముద్రంలోనే ఉంటాయి. కాబట్టి ఈ 26 విమానాలు స్వదేశీ విమానానికి పోటీగా కొన్నవి కావు, అది వచ్చేదాకా డెక్ ఖాళీగా ఉండకుండా కొన్నవి. స్వదేశీ విమానం వచ్చాక కూడా ఇవి చాలా ఏళ్లు పక్కపక్కనే ఎగురుతాయి. అప్పటి పైలట్లు ఈ రెండింటి గురించి కూడా ఇలాగే వాదించుకుంటారు, అందులో నాకు సందేహం లేదు.